నైట్రేట్ స్ట్రిప్స్: చిత్తడి నేల పనితనం తెలుసుకోవడానికి చాలా?

నైట్రేట్ స్ట్రిప్స్ అంటే నీటిలో నైట్రేట్ (ఎరువుల నుంచి వచ్చే నైట్రోజన్ రూపం) ఎంతుందో రంగు మారి చూపే పరీక్ష పట్టీలు. పునరుద్ధరించిన చిత్తడి నేల పొలాల మురుగు నీటిలోని నైట్రేట్‌ను ఎంత తగ్గిస్తోందో తెలియాలంటే, ఆ నీరు లోపలికి దిగే చోట ఒకటి, బయటికి పోయే చోట ఒకటి ముంచి చూడాలి. ఆ పోలికకు ఈ స్ట్రిప్స్ బాగానే సరిపోతాయి. క్షణం ముంచి, విదిలించి, డబ్బా మీద రాసినంత సేపే ఆగి, గులాబీ రంగును చార్టుతో పోల్చాలి. ఆలస్యమైతే రంగు ముదిరి లెక్క ఎక్కువ చూపిస్తుంది. తడి వేళ్లు డబ్బాలో పెడితే మిగతా పట్టీలూ పాడైపోతాయి.

చార్టులో ఉన్నది నైట్రేటా, నైట్రేట్-నైట్రోజనా (అంటే నైట్రేట్‌లోని నైట్రోజన్ బరువు మాత్రమే) అన్నది ముందే చూసుకోండి. లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రోజన్ అంటే సుమారు 44 మిల్లీగ్రాముల నైట్రేట్. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

పెద్ద వాన పడ్డ ఒక్క రోజు చూసి తేల్చేయకండి. నీరు పరుగున దాటిపోతే, గాలి సోకని బురదలోని బ్యాక్టీరియాకు నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చే వ్యవధి దొరకదు. చలికి ఆ పని ఇంకా మందగిస్తుంది.

భాస్వరం మాత్రం వీటికి అందదు, అదే పెద్ద లోటు. ఏళ్ల తరబడి ఎరువు పడ్డ పొలాన్ని చిత్తడి నేలగా మార్చడానికి నీట ముంచితే, మట్టిలో ఇనుమును అంటుకున్న భాస్వరం కరిగి బయటికి పోవచ్చు. దానికి ల్యాబ్ పరీక్షే చేయించాలి.