ట్రేడ్ మార్క్ అని చెప్పి రసీదు అంటగడుతున్నారు: వరంగల్ చిన్న వ్యాపారులు జాగ్రత్త

‘మీ బ్రాండును వారంలో రిజిస్టర్ చేయిస్తాం’ అంటూ హనుమకొండలో ఒక కన్సల్టెన్సీ చిన్న వ్యాపారుల చుట్టూ తిరుగుతోంది. పచ్చళ్లు, పిండివంటలు, మసాలాలు, కొత్తవాడ జంపఖానాలు అమ్ముకునేవాళ్ల దగ్గరికే ఎక్కువగా వెళ్తున్నారు. డబ్బు కట్టబోయేవాళ్లు ఇది చదివాక కట్టండి. ఇప్పటికే కట్టినవాళ్లు మాత్రం ఈరోజే చదవండి, ఎందుకంటే మీకు గడువు నడుస్తూ ఉండవచ్చు.

మాది కారం, పసుపు పట్టించి ప్యాక్ చేసే యూనిట్. 2016 నుంచి ఒకే పేరుతో అమ్ముతున్నాం. ఆ పేరు నమోదు చేయించడానికి మా దగ్గర 18,000 రూపాయలు తీసుకున్నారు. అందులో 9,000 ప్రభుత్వ ఫీజు అని బిల్లులో రాశారు. కొన్నాళ్లకు మెరిసే ఫోల్డరులో బంగారు రంగు అంచున్న కాగితం ఒకటి పెట్టి ఇచ్చి, ‘సర్టిఫికెట్ వచ్చేసింది, ఇక ప్యాకెట్ మీద పేరు పక్కన సున్నాలో ఆర్ వేసుకోండి’ అన్నారు.

అది సర్టిఫికెట్ కాదు. అర్జీ అందినట్టు ఆన్‌లైన్‌లో వచ్చే రసీదు. బంగారు అంచు మాత్రం వీళ్ల సొంత కళాపోషణ. అర్జీ వేసిన ప్రతివారికీ నంబరు వస్తుంది, దానివల్ల హక్కేమీ రాదు. ఆ తర్వాత ట్రేడ్ మార్కులు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం, అంటే రిజిస్ట్రీ వాళ్లు పరిశీలించాలి, అభ్యంతరాలుంటే మన జవాబు తీసుకోవాలి, ఆపై ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో ప్రచురించాలి. ప్రచురించాక ఎవరైనా వ్యతిరేకించడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది. ఈ నాలుగు నెలలు ఒక్కటే చాలు, వారంలో రిజిస్ట్రేషన్ అన్నది పచ్చి అబద్ధమని తేలడానికి.

అర్జీ దశలో ఉన్నప్పుడు పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ గుర్తు రిజిస్టర్ అయ్యాకే వేయాలి. కానిదాన్ని అయినట్టు చూపించడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 107వ సెక్షన్ కింద తప్పు. 2024 వరకు దీనికి మూడేళ్ల దాకా జైలు కూడా ఉండేది, ఇప్పుడు జరిమానా పడవచ్చు. అంటే డబ్బు తీసుకున్నవాడు దర్జాగా తిరుగుతాడు, జరిమానా ప్యాకెట్ మీద పేరున్నవాడికి చుట్టుకుంటుంది. పౌచ్ ముద్రణలో రంగుకో సిలిండరు చేయించాలని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆ ఒక్క గుర్తు తీసేయడానికి కొత్త సిలిండరు చేయించాం, ముద్రించిన రోల్స్ గోదాములో మూలన పడి ఉన్నాయి.

కరీంనగర్ డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్ వివరాలు అడిగితే, అర్జీ నంబరుతో ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో చూశాం. ఇది ఎవరైనా, ఏ ఫీజూ లేకుండా చూసుకోవచ్చు. స్టేటస్ దగ్గర ‘అబాండన్డ్’ అని, అంటే అర్జీ వదిలేసినట్టు ఉంది. కింద పత్రాలు ఒక్కొక్కటే తెరుస్తుంటే ఒళ్లు మండింది. మా పేరును పోలిన పేరు 30వ క్లాసులో (మసాలాల్లాంటి సరుకులు వచ్చే వర్గం) ముందే ఉందని రిజిస్ట్రీ అభ్యంతరం పెట్టింది. జవాబుకు నెల గడువు ఇచ్చింది. ఆ నివేదిక ఎవరికి వెళ్లిందో తెలుసా? అర్జీలో చిరునామా మాదే, ఈమెయిలు, ఫోను నంబరు మాత్రం కన్సల్టెన్సీవి! వాళ్లు జవాబు ఇవ్వలేదు, మాకు చెప్పనూ లేదు.

ఇంకా ఉంది. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు ఒక క్లాసుకు 4,500 రూపాయలే. మిగతావాళ్లకే 9,000. అసలు రసీదు మీద 4,500 అనే ఉంది. ఆ అంకెను దాచడానికే కాబోలు, మాకిచ్చిన కాగితంలో ఆ భాగం కత్తిరించారు.

వీటన్నిటికన్నా పెద్ద నష్టం మరొకటి. 2016 నుంచి వాడుతున్న పేరును ‘ఇకపై వాడబోతున్నాం’ అన్న గడిలో పెట్టారు. ముందునుంచి వాడుతున్నామని చూపాలంటే అఫిడవిట్, పాత బిల్లులు జతచేయాలి. ఆ శ్రమ తప్పించుకోవడానికి ఇంత పని చేశారు. మన దేశంలో ముందు వాడినవాడి హక్కుకు చట్టంలో బలం ఉంది, ట్రేడ్ మార్క్స్ చట్టం 34వ సెక్షన్ దానికోసమే. కాబట్టి పాత బిల్లులు, జీఎస్టీ ఇన్‌వాయిస్‌లు, పాత లేబుళ్లు, చివరికి ముద్రణాలయం రసీదు కూడా పారేయకండి. మేమిప్పుడు వాటి ఆధారంగానే కొత్త అర్జీ వేశాం, ఈసారి ఒక న్యాయవాది ద్వారా. రిజిస్ట్రీ ముందు మన తరఫున న్యాయవాదిగానీ, నమోదైన ట్రేడ్ మార్క్ ఏజెంటుగానీ, మన దగ్గరే పూర్తికాలం పనిచేసే ఉద్యోగిగానీ ఉండాలి. మీ తరఫున వ్యవహరించే అధికారం ఇస్తూ మీరు సంతకం పెట్టే టీఎం-48 పత్రంలో ఎవరి పేరుందో చదివి, ఆ మనిషితోనే నేరుగా మాట్లాడండి. ఈమెయిలు గడిలో మీదే ఉండాలని పట్టుబట్టండి.

ఈ మధ్య ఇదే కన్సల్టెన్సీ ఎనుమాముల మార్కెట్ దగ్గర ‘వరంగల్ చపాట’ పేరును మీ ఒక్కరి పేర రిజిస్టర్ చేయిస్తామని చెబుతోందట. చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఆ ప్రాంతపు రైతులందరిదీ. ఏ ఒక్కరూ దాన్ని సొంత ట్రేడ్ మార్కుగా చేసుకోలేరు. అర్హులైన రైతులు ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారులుగా నమోదు చేసుకోవచ్చు, అంతే. 2018లో గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాల సంగతీ అంతే. ఈ మాట మీ రైతు బంధువులకు తప్పక చెప్పండి.

మేం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. వ్యాపారం కోసం కొన్న సేవ కాబట్టి చెల్లదని అవతలివాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం తీసుకున్నదని మీరు చూపించగలగాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మీ దగ్గరా ఇలాంటి బంగారు అంచు కాగితం ఉంటే, దాని మీది నంబరును వెబ్‌సైటులో కొట్టి స్టేటస్ చూడండి, ఆ పేజీని తేదీ కనిపించేలా ప్రింటు తీసి పెట్టుకోండి. ఫిర్యాదులో మాతో కలిసి రావాలనుకునేవాళ్లు కింద రాయండి.