రెండేళ్ల తర్వాత నా టార్గెట్ పిస్టల్: మొదట్లో మెచ్చుకున్నవీ, తిట్టుకున్నవీ

కొన్న మొదటి వారంలో ఒక నోటుపుస్తకంలో నాలుగు పేజీల అభిప్రాయం రాసుకున్నాను. మొన్న బీరువా సర్దుతుంటే దొరికింది. చదివితే నవ్వొచ్చింది. అందులో మెచ్చుకున్న వాటిలో సగం ఇప్పుడు నాకు పట్టవు, తిట్టుకున్న వాటిలో ఒకటి రెండు లేకపోతే ఇప్పుడు నాకు చెయ్యి ఆడదు. అందుకే రెండేళ్ల వాడకం తర్వాత మళ్లీ రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. లెక్కల మాస్టారిని, వయసు నలభై నాలుగు. కాలేజీలో ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ రైఫిల్ కొట్టిన సరదా ఎక్కడో మిగిలిపోయింది. కొన్నేళ్లు ఒక దేశవాళీ స్ప్రింగ్ పిస్టల్‌తో కాలక్షేపం చేసి, చివరికి లక్షా డెబ్భై వేలు పోసి పోటీ తరగతి ఎయిర్ పిస్టల్ కొన్నాను. యూరప్ తయారీ, సిలిండర్‌లో గాలి నింపుకునే రకం, ఒక్కో గుండు పెట్టి కాల్చేది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తరగతిలో ఉన్న నాలుగైదు కంపెనీల పిస్టళ్లూ మనబోటి వాళ్ల చేతిలో ఒకేలా కొడతాయి. తేడా అంతా అరచేతికీ గ్రిప్‌కీ కుదిరే పొత్తులో ఉంది. నా చేతికి సరిపోయిందని మీరు అదే కొంటే నన్ను తిట్టుకుంటారు.

ముందుగా అందరూ అడిగేది: లైసెన్స్ కావాలా? 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే అక్కర్లేదు. ఇందులో గుండు బరువు అర గ్రాము, వేగం సెకనుకు 150 మీటర్ల దరిదాపు. లెక్క కడితే 6 జౌళ్లు కూడా రాదు. అయినా బిల్లు జిరాక్సు పెట్టెలోనే ఉంచుకుంటాను. ఒకసారి పాతపట్నం నుంచి వస్తుంటే బస్సు తనిఖీలో పోలీసాయన పెట్టె తట్టి "ఎటా కొణొ?" అన్నాడు. మా వైపు "ఏటి" అంటే ప్రశ్న, వాళ్ల ఒడియాలో "ఎటా" అంటే "ఇది". సగం అర్థమైనట్టే ఉండి తికమక పెట్టే భాషలు రెండూ. తెరిచి చూపించాను. "రథయాత్ర సంతలో బెలూన్లు కొట్టేదా?" అన్నాడు. అవునన్నాను. లక్షా డెబ్భై వేల సంగతి చెప్పలేదు.

ఇక నోటుపుస్తకంలో మొదటి వాక్యం: "చాలా తేలిగ్గా ఉంది." బరువు 970 గ్రాములు. పోటీ నిబంధన ప్రకారం కిలోన్నర దాటకూడదు, కాబట్టి తేలికే. కానీ ఎయిర్ పిస్టల్‌ని ఒంటిచేత్తో, చెయ్యి చాపి కాల్చాలి. మణికట్టుకు ఏ ఆసరా ఉండకూడదు. నిండు చెంబు చాచిన చేత్తో పట్టుకుని పది సెకన్లు నిలబడండి, దించండి, మళ్లీ ఎత్తండి. అలా అరవై సార్లు, 75 నిమిషాల్లో. ముప్ఫయ్యో గుండుకి ఆ తేలిక ఎక్కడికి పోయిందో తెలియదు. తమాషా ఏమిటంటే, ఏడాది తర్వాత నేనే గొట్టం చివర 20 గ్రాముల బరువు అదనంగా బిగించుకున్నాను. ముందు బరువుంటే వణుకు నెమ్మదిస్తుంది.

రెండో వాక్యం: "గ్రిప్ ఘోరం." ఇది మాత్రం నిజం. వాల్‌నట్ కర్ర, చూడ్డానికి శిల్పంలా ఉంది. పట్టుకుంటే బొటనవేలి మొదట్లో ఎముకకి గుచ్చుకునేది, చూపుడువేలు ట్రిగర్‌కి అడ్డంగా వచ్చేది. సైజు పట్టిక చూసి మీడియం తెప్పించుకున్నా, ఆ మీడియం నా అరచెయ్యిని చూసి చేసింది కాదుగా. రెండు నెలలు అలాగే కొట్టాను. గుళ్లన్నీ ఎడమకి, 9 గంటల వైపు పోయేవి. గురిచూసే సైట్ కుడికి తిప్పుకుంటూ పోయాను. తప్పు సైట్‌ది కాదు. వేలు ట్రిగర్‌ని వెనక్కి లాగడం మాని పక్కకి తోస్తోంది.

పరిష్కారం మా ఊళ్లోనే ఉంది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు కదా. పశువుల కొమ్ములతో కొంగలు, దువ్వెనలు చేసే ముసలాయన దగ్గరికి గ్రిప్ ఒక్కటే విప్పి తీసుకెళ్లాను. తిప్పి చూసి "ఇది కొడితే మనిషి చస్తాడా మాస్టారూ?" అన్నాడు. చావడు గానీ కన్ను పోతుందన్నాను. సరేనని దీపం మసి తెచ్చి నా అరచేతి నిండా రాశాడు. "గట్టిగా కాదు, మీరెలా పడతారో అలా పట్టండి" అన్నాడు. తీసి చూస్తే కర్ర మీద మూడు చోట్ల నల్లగా, మిగతా అంతా శుభ్రంగా ఉంది. అంటే నా చెయ్యి మొత్తం గ్రిప్‌ని తాకుతోందనుకున్నాను గానీ, తాకుతున్నది మూడు మెట్టల మీద మాత్రమే. ఆ మూడింటినీ ఆకురాయితో రెండంటే రెండు రుద్దులు రుద్ది, మళ్లీ మసి, మళ్లీ పట్టు. అలా తొమ్మిదిసార్లు. తొందరపడి ఒక్కసారే తీసేస్తే కర్ర మళ్లీ రాదు కదా అని ఆయన మాట. అరచేతి గుంట దగ్గర ఖాళీ ఉన్నచోట ఎం-సీల్ మెత్తి, తడి చేత్తో పట్టించి, ఆరాక ఉప్పుకాగితం పట్టాడు. రెండు సాయంత్రాలు పట్టింది. డబ్బు తీసుకోనన్నాడు. ఆయన దగ్గర ఒక కొమ్ము కొంగ కొన్నాను, ఇప్పుడది టీవీ పక్కన ఉంది. మీరు చేయించుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: అడుగున అరచెయ్యి ఆనే చెక్క పైకి లేచి చేతిని చుట్టినట్టు ఉండకూడదు. పోటీలో పక్కన పెట్టేస్తారు.

గ్రిప్ కుదిరిన వారంలో గుళ్లు మధ్యకి వచ్చాయి. తిప్పుకున్న సైట్ క్లిక్కులన్నీ వెనక్కి తిప్పుకున్నాను.

ట్రిగర్ సంగతి. నేను బ్యాటరీ లేని మెకానికల్ రకం తీసుకున్నాను. ఎలక్ట్రానిక్ ట్రిగర్లు ఇంకా మెత్తగా ఉంటాయంటారు, నిజమే. కానీ టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి, విలువైన సమయం పోయి, 600కి 575తో 12వ స్థానంలో ఆగిపోవడం టీవీలో చూసిన మనిషిని. అది ఏ రకం పిస్టల్‌కైనా జరగొచ్చు. అయినా మా ఊళ్లో నాకు అర్థమయ్యే స్ప్రింగూ మరా చాలనుకున్నాను. అదే మను పారిస్‌లో 580 కొట్టి ఫైనల్‌కి వెళ్లి కంచు తెచ్చిందనుకోండి.

ట్రిగర్ లాగుడు కనీసం 500 గ్రాములు ఉండాలి. పిస్టల్‌ని నిలువుగా పట్టి, ట్రిగర్‌కి అరకిలో బరువు తగిలించి ఎత్తితే పేలకూడదు. ఇంట్లో ఎలా చూసుకోవాలి? మా బావకి కిరాణా కొట్టుంది. ఆయన అరకిలో తూకపురాయి తెచ్చి పురికొసతో కట్టి, అది సరిగ్గా నిలిచేలా మర బిగించుకున్నాను. మూడు వారాలు దానితోనే సాధన. తర్వాత నా మొదటి పోటీకి పలాస వెళ్లి రైలెక్కి భువనేశ్వర్ చేరాను. పరికరాల తనిఖీలో వాళ్ల బరువు తగిలించారు. టక్. మళ్లీ. టక్. మొత్తం గదికి వినిపించినట్టుంది. వణికే చేత్తో ఎలెన్ కీ తిప్పుకుని మూడోసారికి గట్టెక్కాను గానీ, అలవాటు లేని ట్రిగర్‌తో ఆ రోజు పోటీ మొత్తం టెన్షనే. 511.

ఇంటికొచ్చి ఆ తూకపురాయిని మా స్కూల్ ల్యాబ్ త్రాసులో పెట్టాను. 488 గ్రాములు. బావని అడిగితే "అరిగిపోయింది బావా, పాతది కదా" అన్నాడు. అరిగిపోయిన రాయితో అమ్మిన పంచదార సంగతి అక్క ముందు ఎత్తలేదు. ఇప్పుడు నాకు సొంతంగా 500 గ్రాముల బరువుంది. ట్రిగర్ మాత్రం 510 దగ్గర పెట్టుకుంటాను.

గాలి నింపడమే ఈ పిస్టల్‌తో అసలు చాకిరీ. సిలిండర్‌లో 200 బార్ దాకా నింపాలి. సైకిల్ టైరులో ఉండేది మూడో నాలుగో బార్ అనుకుంటే ఇది ఎంతో చూసుకోండి. పెద్ద ఊళ్లలో స్కూబా సిలిండర్ నుంచి ఎక్కించుకుంటారు. నేను విశాఖ దాకా పోలేక చేతిపంపు కొన్నాను. సైకిల్ పంపులాగే ఉంటుంది, చివరి ఇరవై దెబ్బలకి మనిషి మొత్తం దాని మీద కూలబడాలి. 100 బార్ నుంచి నిండుకి నాకు డెబ్భై దెబ్బలు పడుతుంది. ఒక్క ఊపున కొట్టకండి. పంపు వేడెక్కితే గాలిలో తేమ ఆవిరిగానే లోపలికి పోయి సిలిండర్‌లో నీరవుతుంది. పాతిక దెబ్బలకి ఒకసారి ఆగి, పక్కనున్న వాల్వు వదలండి. మా ఊళ్లో శ్రావణ భాద్రపదాల్లో ఆ వాల్వు లోంచి తుంపర్లు చెంప మీద పడతాయి. తేమ పీల్చే గుళికల డబ్బా తప్పక పెట్టుకోవాలి, దాన్ని తరచూ మార్చాలి.

లోపల రెగ్యులేటర్ అని ఒకటుంటుంది. సిలిండర్‌లో 200 ఉన్నా 120 ఉన్నా గుండు వెనక్కి ఒకే ఒత్తిడి వెళ్లేలా చూస్తుంది. అందుకే మొదటి గుండూ నూరో గుండూ ఒకే వేగంతో పోతాయి. కానీ సిలిండర్ బాగా ఖాళీ అయ్యాక రెగ్యులేటర్ చేసేదేమీ లేదు. దసరా సెలవుల్లో ఒకరోజు గుళ్లన్నీ కిందకి, 7లు 6లు. వేలు తప్పంటావా, ఊపిరి తప్పంటావా, నన్ను నేను తిట్టుకుంటూ సైట్ పది క్లిక్కులు పైకెత్తాను. మర్నాడు గాలి నింపి కొడితే అన్నీ ఆకాశానికి. మీటర్ చూడ్డానికి అర నిమిషం పట్టదు. ఆ ముందురోజు అది 50 దగ్గర ఉందని ఎవడు చూశాడు?

పాత స్ప్రింగ్ పిస్టల్‌తో పోల్చమని ఒక శిష్యుడు అడిగాడు. అందులో ట్రిగర్ నొక్కగానే లోపల పిస్టన్ దూకుతుంది. గుండు గొట్టం దాటేలోపే పిస్టల్ కదులుతుంది. ఇందులో కదిలేది చిన్న వాల్వు మాత్రమే. నా స్కోరు తొలి నెలలోనే 505 నుంచి 528కి వచ్చింది, అది పిస్టల్ గొప్ప. అక్కణ్ణుంచి 552కి రావడానికి ఇరవై నెలలు పట్టింది. అందులో ఎక్కువ భాగం గుండు లేకుండా ఖాళీగా నొక్కిన సాధన. దానికి ప్రత్యేకంగా ఒక మీట ఉంది: గాలి వదలదు, ట్రిగర్ మాత్రం నిజంగా కాల్చినట్టే పడుతుంది. పిల్లలు నిద్రపోయాక ఖాళీ గోడకి ఎదురుగా నిలబడి రోజూ నలభై సార్లు. మొదటి వారం నోట్సులో ఈ మీట గురించి ఒక్క మాట లేదు!

కళ్ల గురించి కూడా అందులో లేదు. అప్పటికే చత్వారం మొదలైంది, ఒప్పుకోలేదంతే. పిస్టల్ కాల్చేటప్పుడు స్పష్టంగా కనిపించాల్సింది టార్గెట్ కాదు, గొట్టం చివరి సైట్. టార్గెట్ నల్ల ఉండలా మసకబారితే మంచిదే. నాకు రెండూ మసకే. కళ్లద్దాల షాపులో కంటి నుంచి సైట్ దాకా టేపు పెట్టి కొలిపించాను, 90 సెంటీమీటర్లు. దూరపు చూపు నంబరుకి 0.50 ప్లస్ కలిపి ఒక అద్దం చేయించారు. దానితో సైట్ అంచులు బ్లేడుతో కోసినట్టు కనిపించాయి. ఆ అద్దానికైన ఖర్చు పిస్టల్ ధరలో నూరో వంతు కూడా కాదు.

మాది పాతకాలపు పొడుగు ఇల్లు. వీధి గుమ్మం నుంచి పెరటి గోడకి సరిగ్గా పది మీటర్లు దొరికింది. గోడకి చెక్కపెట్టె, లోపల కుక్కిన గోనెసంచులు, వాటి వెనక ఇనుపరేకు. టార్గెట్ మధ్యభాగం నేలకి 1.4 మీటర్ల ఎత్తులో. పది పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తామంత. సాధన మొదలయ్యే ముందు పెరటి తలుపు గడియ పెట్టి, తాళంచెవి నా జేబులో వేసుకుంటాను. కాల్చనప్పుడు గొట్టం ఖాళీ అని తెలిసేలా అందులో నారింజరంగు ఫ్లాగు దారం. సీసం గుళ్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగందే మా ఆవిడ వంటింట్లోకి రానివ్వదు, మంచిదే.

ఇబ్బందులు రెండున్నాయి. పద్నాలుగో నెలలో సిలిండర్ మూతి దగ్గర గాలి ఆపే రబ్బరు ఓ-రింగు కారడం మొదలైంది, రాత్రి నింపితే పొద్దుటికి సగం. తెప్పించడానికి ఆరు వారాలు పట్టింది. పంపుసెట్ల షాపులో అచ్చం అలాంటిదే దొరికింది గానీ 200 బార్‌తో ప్రయోగాలు చేసే ధైర్యం లేక ఊరుకున్నాను. ఇప్పుడు అరడజను నిల్వ ఉన్నాయి. రెండోది, సిలిండర్‌కి పదేళ్ల గడువు, తయారీ తేదీ దాని మీదే చెక్కి ఉంటుంది. నా చేతికి వచ్చేసరికే అందులో ఏడాదిన్నర అయిపోయింది. కొనేముందు ఆ తేదీ ఫోటో అడగండి, నేను అడగలేదు.

చేత్తో పట్టుకుని చూడకుండా ఇంత డబ్బు పెట్టలేమనే వాళ్లు పర్లాకిమిడి వైపు వస్తే ఆదివారం పొద్దున్న మా పెరట్లో పది గుళ్లు కొట్టి చూడొచ్చు. పంపు మాత్రం మీరే కొట్టాలి. ఎడమచేతి వాటం వాళ్లకి పనికిరాదు, ఆ గ్రిప్ ఇప్పుడు నా కుడిచేతి మసిముద్ర.