బిల్లు ఫొటో డేటాబేస్‌లో ఉండాలా, ఫోల్డర్‌లోనా?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వడం నా పని. ఓచర్‌కు, అంటే లెక్కల్లో రాసే ఒక్కో పద్దుకు, బిల్లు ఫొటో జత చేసే వీలు కావాలని ప్రతి కొట్టువాళ్లూ అడుగుతారు. వాళ్లకు కనిపించేది ఒక బటన్. ఆ ఫొటోను ఎక్కడ దాచాలన్నదే మాకు అసలు సమస్య.

అన్నిటికన్నా తేలిక, ఫైల్ ఉన్న చోటును మాత్రం రాసుకోవడం. మొదట్లో నేనూ అదే చేశాను. ఒక కొట్టులో గుమాస్తా ఏడాదిపాటు లారీ కిరాయి రశీదులన్నీ డీ డ్రైవ్‌లో పెట్టి ఓపిగ్గా జత చేశాడు. తర్వాత సిస్టమ్ మార్చారు. ఓచర్లన్నీ వచ్చాయి కానీ ఏది నొక్కినా ‘ఫైల్ కనబడలేదు’ అనే మాటే. ఆడిటర్ ముందు కూర్చుని ఆ అబ్బాయి ఒక్కొక్కటీ నొక్కి చూస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. జత చేసిన క్షణంలోనే సాఫ్ట్‌వేర్ తన సొంత కాపీ తీసుకోవాలి. ఇందులో రెండో మాట లేదు.

ఆ కాపీని లెక్కలన్నీ ఉండే డేటాబేస్‌లోనే పెడితే పెద్ద సుఖం ఒకటుంది. రాత్రి కొట్టు కట్టేముందు పెన్‌డ్రైవ్‌లోకి ఒక్క ఫైల్ ఎక్కిస్తే లెక్కలూ బిల్లులూ కలిసే వస్తాయి. చిక్కంతా సైజుతోనే. ఫోన్ ఫొటో 3 ఎంబీ అనుకుందాం. రోజుకు 60 బిల్లులంటే 180 ఎంబీ. ఉచితంగా దొరికే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2022 వెర్షన్‌లో ఒక డేటాబేస్‌కు 10 జీబీయే పరిమితి. రెండు నెలలు తిరక్కుండానే నిండిపోతుంది. ఫొటోను 300 కేబీకి కుదిస్తే ఏడాది దాటుతుంది. అయితే మరీ కుదిస్తే కాటా చీటీ మీద 8 కాస్తా 3 లాగా కనబడుతుంది. డీజిల్ బంకు రశీదు అసలే వెలిసిపోయే కాగితం, దాని ఫొటో కూడా మసకైతే ఇక ఆధారమే ఉండదు. జీఎస్టీ నంబరు, మొత్తం చదవగలిగేలా ఉన్నంతవరకే కుదించాలి.

బిల్లులు ఎక్కువున్న కొట్టుకు నేను ఫోల్డర్‌కే ఓటేస్తాను, అదీ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండే ఫోల్డర్‌కు. ఫైల్‌కు పేరు సాఫ్ట్‌వేరే పెట్టాలి, పాత పేరు డేటాబేస్‌లో ఉండాలి. దాంతోపాటు ఫైల్‌కు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 విలువ కూడా రాసుకుంటే, అదే ఫైల్‌ను రెండు ఓచర్లకు జత చేసినా, తర్వాత ఎవరైనా మార్చినా దొరికిపోతుంది. ఈ పద్ధతిలో భయం ఒక్కటే, బ్యాకప్‌లో డేటాబేస్ వచ్చి ఫోల్డర్ మిగిలిపోవడం. అందుకే నా బ్యాకప్ బటన్ రెండిటినీ కలిపి ఒకే జిప్ చేస్తుంది.

ఆ జిప్ కొట్టులోనే ఉంటే చాలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తడం చూశాక, ఒక కాపీ క్లౌడ్‌లోనో ఇంకో ఊళ్లోనో ఉండాలని ప్రతి కొట్టులోనూ పట్టుబట్టి చెబుతున్నాను.

ఎక్కడ పెట్టినా, జత చేసిన బిల్లును తుడిచే బటన్ మాత్రం గుమాస్తాకు ఇవ్వను. జీఎస్టీ కింద వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచాలి. తప్పు బిల్లు పడితే ‘రద్దు’ అని గుర్తు పెట్టి, ఎవరు, ఎప్పుడు చేశారో పక్కనే రాస్తే చాలు, ఫొటో ఉన్నచోటే ఉంటుంది.