ఉభయచరాల గురించి చదవాలంటే ఆంఫీబియావెబ్

జువాలజీ చెప్పే వాళ్లెవరైనా కప్పల పాఠానికి ముందు ఒకసారి ఆంఫీబియావెబ్ తెరిచి చూడాలని నా కోరిక. నేనూ ఆ పాఠం చెప్పేదాన్నే. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ కేంద్రంగా 2000లో మొదలైన సైటు ఇది. డబ్బు కట్టే పని లేదు. కప్పలు, బల్లిలా కనిపించే సాలమాండర్లు, కాళ్లులేని సిసీలియన్లు కలిపి 8,000కు పైగా జాతులు ఇందులో ఉన్నాయి. పేరు కొడితే ఫోటోలు, మ్యాపు, ఆ జాతి ఎంత ప్రమాదంలో ఉందో తెలిపే వివరం వస్తాయి. కొన్నింటి అరుపులు కూడా వినొచ్చు.

నేను తప్పకుండా చూపించేది ఆస్ట్రేలియాకు చెందిన సదరన్ గ్యాస్ట్రిక్ బ్రూడింగ్ కప్ప పేజీ. ఆడకప్ప తన గుడ్లను మింగేసి పొట్టలోనే పిల్లల్ని పెంచేది. అన్నాళ్లూ తిండి ఉండదు, పొట్టలో యాసిడ్ ఊరదు. చివరికి పూర్తిగా ఎదిగిన పిల్లకప్పలు తల్లి నోట్లోంచి బయటికొచ్చేవి. ఇక్కడికొచ్చేసరికి క్లాసులో గోల ఆగిపోతుంది. 1973లో శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. 1981 తర్వాత అడవిలో ఎవరికీ కనిపించలేదు. యాసిడ్‌ను ఆపే ఆ విద్యను పూర్తిగా అర్థం చేసుకునే అవకాశం కూడా దాంతోపాటే పోయింది.

కప్పలు ఎందుకు తగ్గిపోతున్నాయో చెప్పే భాగం నాకు అన్నిటికంటే విలువైనది. కైట్రిడ్ ఫంగస్ చర్మానికి పట్టి, ఒంట్లో లవణాల లెక్క తప్పించి, గుండె ఆగేలా చేస్తుంది. నీళ్లు తీసుకునేది, కొంత ఊపిరి పీల్చేది చర్మంతోనే కదా!

జాతులవారీగా అమర్చిన సైటు కాబట్టి, కప్ప పోతే చుట్టూ ఏమవుతుందో మనమే కలుపుకొని చెప్పాలి. నేను పనామాలోని ఎల్ కోపే గురించి చెబుతాను. 2004లో అక్కడికి ఈ ఫంగస్ వచ్చి కప్పలు చచ్చిపోయాయి. రాళ్ల మీది నాచు గీరి తినే తోకకప్పలు లేక వాగుల్లో నాచు, మడ్డి పెరిగాయి. కప్పల్నీ వాటి గుడ్లనూ తిని బతికే పాముల్లో చాలా రకాలు తగ్గిపోయాయి. పనామా, కోస్టారికాల్లో ఉభయచరాలు పోయిన చోట్ల తర్వాత కొన్నేళ్లు మలేరియా కేసులు పెరిగాయని 2022లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. దోమల లార్వాలను తినేవి తగ్గిపోతే మరేమవుతుంది?

పెద్ద సైటు, మొదట్లో తికమకగానే ఉంటుంది. శాస్త్రీయ నామాలు తెలియకపోతే దేశం పేరుతో వెతకండి. వచ్చిన జాబితాలో తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల పేజీలు ముందు చదవండి.