కలకత్తా లైను, నామక్కల్ లైను: లారీ ఓనరు ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు

లారీ కొనాలనుకునే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీ బండి మంచిదని. ఏ లైన్లో తిప్పుతావని నేను ఎదురు అడుగుతాను. ఎంత మంచి బండైనా ఏదో ఒక రోజు రోడ్డు మీద ఆగుతుంది. ఆగిన చోట మెకానిక్ ఉన్నాడా, స్పేర్ దొరుకుతుందా, ముందు రోజు రాత్రి డ్రైవర్ ప్రశాంతంగా పడుకున్నాడా అన్నదాన్ని బట్టే ఆ ట్రిప్పులో నాలుగు రూపాయలు మిగలడం, మిగలకపోవడం. మా మేనల్లుడు ఈ ఫీల్డులోకే వస్తానని పట్టుబట్టాడు. అందుకని వాణ్ణి బండెక్కించుకుని కలకత్తా వెళ్లొచ్చాను, ఆ తర్వాత తమిళనాడులోని నామక్కల్ కూడా చూపించాను. క్లీనరుగా మొదలై, స్టీరింగ్ పట్టి, ఫైనాన్స్‌లో సొంత బండి తీసుకున్న నాకు ఇన్నేళ్లూ తిండి పెట్టింది ఈ రెండు లైన్లే.

మాకు రెండు బళ్లున్నాయి. ఒకటి పాత పది టైర్లది. రెండోది పద్నాలుగు టైర్లది, పొగ తగ్గించే కొత్త రూల్సు (బీఎస్6) ప్రకారం తయారైంది. 2018లో కేంద్రం యాక్సిల్ లోడు పెంచాక పద్నాలుగు టైర్ల బండికి బండి, లోడు కలిపి 42 టన్నుల పాసింగ్ వచ్చింది. కలకత్తాకి కొత్త బండే తీసుకెళ్లాం. పోయేటప్పుడు గుంటూరు మిర్చి టిక్కీలు (బస్తాలు), వచ్చేటప్పుడు దుర్గాపూర్ నుంచి ఇనుము. మిర్చికి బరువు కన్నా ఎత్తు ఎక్కువ. రెండు పట్టాలు పరిచి, తాళ్లు బిగించి, వంద కిలోమీటర్లు వెళ్లాక ఆపి మళ్లీ బిగించాలి. లోడు కుదురుకుని తాళ్లు వదులైపోతాయి. ఈ రెండో బిగింపుకి బద్ధకించేవాడు లారీ నడపకపోవడమే మంచిది.

విజయవాడ నుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు హైవే మీద పెద్దగా చెప్పుకోవాల్సిన ఇబ్బంది లేదు. తిండికి తుని, అన్నవరం మధ్య ఆగితే సరిపోతుంది. అన్నవరంలో తొలి పావంచా దగ్గర బండాపి దండం పెట్టుకోకుండా ముందుకు వెళ్లే డ్రైవర్ని నేను చూడలేదు. మేమూ ఆగాం. డీజిల్ మాత్రం మన రాష్ట్రంలో అవసరమైనంతే పోయించి, మిగతాది ఒడిశాలోకి దిగాక నింపుకోవాలి. పన్నుల తేడా వల్ల అక్కడ లీటరుకి బాగానే తగ్గుతుంది. వందల లీటర్ల ట్యాంకు నింపేటప్పుడు ఆ తేడా డ్రైవర్ బత్తాకి సరిపోతుంది.

ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టు అంటే మా తరం డ్రైవర్లకి ఒకప్పుడు టెన్షన్. కాగితాలు పట్టుకుని కిటికీల ముందు నిలబడితే ఒక పూట అక్కడే గడిచిపోయేది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ సేల్స్‌టాక్స్ క్యూలు పోయాయి. మరుసటి ఏడాది సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ కాగితం, ఈ-వే బిల్లు వచ్చింది, 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఈ మూడూ మాకు నిజంగా మేలు చేశాయి. దారిలో వేరే రకం ఆపడాలు పూర్తిగా పోయాయని అనను గానీ, కలకత్తా ట్రిప్పు మాత్రం బాగా కుదించుకుపోయింది.

బరంపురం దాటకముందే డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. కాసేపటికి ఇంజిన్ పవర్ తగ్గిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ఎత్తు ఎక్కడం లేదు. బీఎస్6 బండి ఉన్నవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది. సైలెన్సర్లోకి యూరియా నీళ్లు చిమ్మి పొగలోని విషాన్ని విరగ్గొట్టే ఏర్పాటు ఉంటుంది కదా, అందులో ఏ సెన్సర్ తప్పు చెప్పినా బండి తనంతట తాను నెమ్మదిస్తుంది. పాత బండైతే చెవి పెట్టి వినో, చెయ్యి పెట్టి చూసో లోపం పట్టేవాళ్లం. దీనికి లాప్‌టాప్ తగిలించాలి. దగ్గర్లో ఉన్న కంపెనీ వర్క్‌షాపుకి నెమ్మదిగా చేర్చాం. స్కాన్ చేసి సెన్సర్ పోయిందన్నారు. స్టాకు లేదన్నారు. ఆ రోజు శుక్రవారం సాయంత్రం. శనాదివారాలు గేటు పక్కనే పడి ఉన్నాం. పార్టు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు, ఫోన్ చేస్తే ఇంకో నంబరు ఇస్తారు. లక్షలు పోసి కొన్న బండికి రోడ్డు మీద ఇచ్చే సర్వీసు ఇదైతే ఓనరు వాయిదా ఎలా కడతాడు? కంపెనీలు టీవీల్లో మైలేజీ గురించి చెప్పుకునే ముందు హైవే మీద ప్రతి వర్క్‌షాపులో ఈ నాలుగు సెన్సర్లు ఉంచితే చాలు.

మాకు ఊరట ఇచ్చింది బరంపురం ఊరే. తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉంటారు. వర్క్‌షాపు బయట ఎలక్ట్రీషియన్ ఒకాయన మన భాషలోనే పలకరించి, వైరింగ్ అంతా చూసి, ఎలుక కొరికిన ఒక తీగ చూపించాడు. సెన్సర్ పాడవడం నిజమే, కానీ ఆ తీగ అలాగే వదిలేస్తే కొత్తదీ పోయేదట. యూరియా విషయంలో ఆయన చెప్పిన మాటే నేనూ ఎప్పుడూ చెబుతుంటాను. పంపులో, సీలున్న డబ్బాలోదే పోయించాలి. అసలు సరుకులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. డ్రమ్ముల్లో చవగ్గా అమ్మేది పోస్తే గొట్టం మూతి దగ్గర తెల్లగా ఉప్పులా పేరుకుంటుంది. మేనల్లుడికి ఒక పాత గొట్టం చూపించాడు. గోరుతో గీకితే పొడి రాలింది. వంద లీటర్ల డీజిల్‌కి నాలుగైదు లీటర్ల యూరియా ఖర్చవుతుంది. అక్కడ మిగిల్చేది ఎంత, పోగొట్టుకునేది ఎంత?

పడక సంగతికి వస్తాను. ఇన్నేళ్లూ మా పడక క్యాబిన్లోనే. ఎండాకాలం ఇంజిన్ వేడి, దోమలు, ఎవడైనా పట్టా కోస్తాడేమో, ట్యాంకులో డీజిల్ లాగేస్తాడేమో అన్న భయం. సగం నిద్రే. ఈసారి ఒడిశాలో ఒక పెద్ద ఆయిల్ కంపెనీ పంపులో డ్రైవర్ల కోసం కట్టిన అప్నా ఘర్‌లో దిగాం. ఎనిమిది గంటలకి 112 రూపాయలు. ఏసీ హాల్లో వరసగా మంచాలు, శుభ్రమైన దుప్పటి, స్నానానికి నీళ్లు, తాగడానికి ఫిల్టర్ నీళ్లు. మా డ్రైవర్ స్నానం చేసి పడుకుని తెల్లారి లేచాక, "బాబాయ్, ఇంట్లో పడుకున్నట్టుంది" అన్నాడు. అతని ముఖం చూస్తే తెలిసిపోయింది. ఆ రోజు బండి తోలిన తీరు కూడా వేరుగా ఉంది. గేరు మార్చడంలో తొందర లేదు, బ్రేకు మీద ఊరికే కాలు పెట్టలేదు. బ్రేకు లైనర్లు, క్లచ్ ప్లేటు ఎక్కువ రోజులు రావాలనుకునే ఓనరు ఈ 112 రూపాయలు తన జేబులోంచి ఇవ్వాలి. బత్తాలో కోసుకోకూడదు.

అక్కడా లోటు ఉంది. రాత్రి తొమ్మిది దాటితే పార్కింగ్ నిండిపోతుంది. బయట రోడ్డు వార పెడితే క్లీనర్ని కాపలా ఉంచాల్సిందే, అంటే ఒకరికే నిద్ర. ఇలాంటి పంపులు ఇంకా చాలా రావాలి. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, చాలా మంచి పని. కానీ అంతకు ముందే రోడ్డెక్కిన బళ్లలో తిరిగే డ్రైవర్లకి ఇలాంటి గదులే దిక్కు.

బాలాసోర్, లక్ష్మణ్‌నాథ్ టోల్ దాటాక బెంగాల్. అన్నం దొరికినా సాంబారు మర్చిపోవాలి. దాబాల్లో వేడి రొట్టెలతో ఇచ్చే పెసర తడ్కా మాత్రం బాగుంటుంది, పొట్టకి బరువు చెయ్యదు. పగలు పెద్ద బళ్లను కలకత్తా ఊళ్లోకి రానివ్వరు. హౌరా ఇవతల ధూలాగఢ్‌లో పెట్టుకుని రాత్రి దాకా ఎదురు చూడాలి. ఆ ఎదురుచూపే ఈ లైన్లో పెద్ద నష్టం. అన్‌లోడింగ్ ఆలస్యమైతే బండి ఆగినందుకు ఇచ్చే హాల్టింగ్ డబ్బు ఎంతో లోడు ఎక్కించేటప్పుడే కాగితం మీద రాయించుకోవాలి. బ్రోకర్ నోటి మాట అక్కడి గోడౌన్‌లో చెల్లదు.

నామక్కల్‌కి పాత బండిని తీసుకెళ్లాం. కృష్ణగిరి, ధర్మపురి మీదుగా సేలం వైపు దిగేటప్పుడు తొప్పూరు ఘాట్ వస్తుంది. దక్షిణాదిలో లారీలు ఎక్కువగా దెబ్బతినే చోట్లలో అదొకటి. దిగుడులో డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీద పడి, డ్రమ్ములు కాలిపోయి, చివరికి పెడల్ తొక్కినా పట్టవు. ఘాట్ మొదట్లోనే ఆపి, చిన్న గేరులో వేసి, ఇంజిన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకుతో దిగాం. కిందికొచ్చాక ఆపి మేనల్లుణ్ణి ప్రతి చక్రం హబ్ దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి వేడి చూడమన్నాను. ఎడమ వైపు వెనక చక్రం మిగతావాటి కన్నా వేడిగా ఉంది, లైనర్ కాలిన వాసన కూడా వచ్చింది. బ్రేకు రిలీజ్ కావడం లేదన్నమాట. పక్కనే విప్పి అడ్జస్టర్ సరిచేయించాం.

నామక్కల్ ఊరి మధ్యలో కొండ మీద కోట, దాని చుట్టుపక్కల ఎటు చూసినా లారీ పనే. మాకు పని టైర్లతో. అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేసే (రీబటన్ చేసే) చోట ముందు టైరుని లైటు కింద తిప్పి, లోపల చెయ్యి పెట్టి తడుముతారు. లోపల తీగ తేలినా, పక్క గోడ ఉబ్బినా నిర్మొహమాటంగా తిరిగి ఇచ్చేస్తారు. మా వాటిలో ఒకటి అలాగే పక్కన పెట్టేశారు. వేయించుకున్నవాళ్లు వెనక చక్రాలకే వాడాలి, స్టీరింగ్ చక్రాలకి ఎప్పుడూ కొత్త టైర్లే. బాడీ పని కూడా అక్కడ చెప్పిన రోజుకి ఇస్తారు. లాడ్జీలు చవక, శుభ్రం. భాష రాకపోయినా లారీ భాగాల పేర్లు అన్నిచోట్లా ఒకటే కాబట్టి పని నడిచిపోతుంది.

మరి మన విజయవాడ ఆటోనగర్? ఇంజిన్ పని, ఫ్యూయల్ పంపు, గేర్‌బాక్స్, కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), లేత్ పని... వీటికి నన్నెవరు అడిగినా ఆటోనగరే చెబుతాను. ఒక వీధిలో విప్పితే పక్క వీధిలో పార్టు దొరుకుతుంది, అర్ధరాత్రి ఫోన్ చేసినా పలికే మేస్త్రీలు ఉన్నారు. పాత బండి ఇంజిన్ రెండుసార్లు విప్పింది అక్కడే. కాకపోతే బాడీ పనిలో మాట మీద నిలబడటం నామక్కల్ వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. నాగ్‌పూర్ లైన్ గురించి మేనల్లుడు అడిగాడు. రోడ్డు బాగుంది, దాబాలు బాగున్నాయి, కానీ తిరుగు లోడు కోసం పడిగాపులు ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాడికి చెప్పను.

తిరిగొచ్చాక వాడు, "మావయ్యా, కొత్త పద్నాలుగు టైర్ల బండి బుక్ చేసేదా?" అన్నాడు. వద్దన్నాను. ముందు ఎనిమిదేళ్లు దాటని పది టైర్ల బండి చూడు, అప్పుడైతే ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) రెండేళ్లకోసారి వెళితే చాలు. నామక్కల్, చెన్నై వైపు తిప్పు, నాలుగు ఊళ్లలో మేస్త్రీలతో పరిచయం పెంచుకో. కలకత్తా లైన్‌కి బీఎస్6 బండి పంపేటప్పుడు ఒక స్పేర్ సెన్సర్, సీలున్న యూరియా డబ్బా క్యాబిన్లో ఉండాలి. డ్రైవర్ పడకకి డబ్బు విడిగా లెక్కలో రాయాలి. ఇప్పుడు వాడు ఆటోనగర్లో ఒక బండి చూశాడు. ఆదివారం వెళ్లి ఛాసిస్ కింద దూరి, వెల్డింగ్ అతుకులేమైనా ఉన్నాయేమో చూసి రావాలి.