రెఫరీ ఒక్కరే ఉంటే ఎక్కడ నిలబడటం మేలు?

1891లో బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన నైస్మిత్ దానికి రాసిన మొదటి 13 రూల్స్‌లోనే ఇద్దరున్నారు: ఆటగాళ్లను చూసుకోవడానికి అంపైర్, బంతిని చూసుకోవడానికి రెఫరీ. మన స్కూల్ మ్యాచ్‌ల్లో రెండో మనిషి రాకపోతే ఆ రెండు పనులూ ఒక్కరి మీదే పడతాయి. అప్పుడు కొందరు బంతి వెంటే రింగ్ వెనకున్న చివరి గీత, అంటే బేస్‌లైన్ దాకా పరుగెత్తుతారు, కొందరు సెంటర్ లైన్ దగ్గరే ఆగిపోతారు. నేను రెండూ చేసి చూశాను.

బేస్‌లైన్ దగ్గరుంటే రింగ్ కింద జరిగేదంతా కళ్లముందే. షాట్ వేసి కిందికి దిగుతున్న అమ్మాయి పాదం ఎవరి బూటు మీద పడబోతోందో కూడా కనిపిస్తుంది. చీలమండలు మెలికపడేది అలాగే కాబట్టి అది చూడటం నాకు అన్నిటికన్నా ముఖ్యం. చిక్కల్లా రీబౌండ్, అంటే రింగ్‌లో పడకుండా తిరిగొచ్చిన బంతి, అవతలి జట్టుకు దొరికినప్పుడే. కోర్టు పొడవు 28 మీటర్లు. వాళ్లు అవతలి రింగ్ దాకా పరుగెత్తి, దాని దగ్గర్నుంచే లేఅప్ షాట్ వేసేసరికి మనం ఇంకా సగం దారిలో రొప్పుతూ ఉంటాం, కనిపించేవి వీపులే.

సెంటర్ లైన్ దగ్గర ఆ ఆయాసం లేదు. ట్రావెలింగ్ (బంతి చేత్తో పట్టుకుని నడవడం), డబుల్ డ్రిబుల్ (బంతి కొట్టడం ఆపి మళ్లీ మొదలెట్టడం) బాగానే దొరుకుతాయి. కానీ రింగ్ కింద అందరూ గుమిగూడితే చెయ్యి తగిలింది చేతికా, బంతికా అన్నది తెలియదు. చప్పుడు విని విజిల్ ఊదాల్సి వస్తుంది. “సార్, నన్ను తోసింది సార్” అని పిల్ల ఏడుపు మొహంతో అడిగితే చెప్పడానికి జవాబుండదు.

అందుకే ఇప్పుడు ఫౌల్ తర్వాత ఊరికే షాట్ వేయనిచ్చే ఫ్రీ త్రో లైన్‌కు సూటిగా, సైడ్‌లైన్ పక్కన నిలబడుతున్నాను. బేస్‌లైన్ నుంచి అది 5.8 మీటర్లు, తిరుగు పరుగులో అంత దూరం కలిసొస్తుంది. షాట్ లేవగానే రెండడుగులు లోపలికి వేస్తాను. చూపు బంతి మీద ఉండదు, షూటర్ కాళ్ల మీద, ఆ తర్వాత రీబౌండ్ కోసం వీపుల మీద పడే చేతుల మీద.

అవతలి సైడ్‌లైన్ మాత్రం దూరమవుతుంది. బంతి ఎవరికి తగిలి బయటికెళ్లిందో తెలియకపోతే ఊహించి చెప్పను. బంతి ఎవరిదో తేలలేదని జంప్ బాల్ ఇచ్చి, ఈసారి వంతు ఎవరిదో చూపే టేబుల్ మీది బాణం ఎటుంటే ఆ జట్టుకే బంతి ఇస్తాను. రూల్ కూడా అదే. ఈ సంగతి మ్యాచ్ మొదలవకముందే కెప్టెన్లిద్దరికీ చెప్పేస్తాను.

మరీ చిన్న పిల్లలైతే కోచ్‌లను అడిగి జట్టుకు ముగ్గురే ఆడే త్రీ ఎక్స్ త్రీ ఆడిస్తాను. 15 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల పొడవు, ఒకటే రింగ్. అక్కడ ఒక్క జత కళ్లు సరిపోతాయి.