సూపర్నోవా పోస్ట్‌డాక్: జ్వికీ మేలా, రూబిన్ మేలా?

పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నారు. సూపర్నోవాల (పేలిపోయే నక్షత్రాల) మీదే పని చేయాలని ఉంది. చేతిలో రెండు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అవకాశాలున్నాయి, రెండూ ఆకాశాన్ని పదేపదే ఫొటో తీసే టెలిస్కోప్ సర్వేలవే: ఒకటి జ్వికీ ట్రాన్సియెంట్ ఫెసిలిటీ డేటాతో పని చేసే బృందంలో, ఇంకొకటి రూబిన్ అబ్జర్వేటరీ డేటాతో పని చేసే బృందంలో. అద్దం సైజు చూసి చాలామంది వెంటనే రూబిన్ వైపు మొగ్గుతారు. నేనైతే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: దొరికిన సూపర్నోవాకు స్పెక్ట్రం (దాని రకం చెప్పే, రంగులుగా విడదీసిన కాంతి) ఎవరు తీస్తారు?

అద్దాల సంగతి త్వరగా చెప్పేస్తాను. జ్వికీ 2018 నుంచి కాలిఫోర్నియాలోని పాలొమార్‌లో, 48 అంగుళాల టెలిస్కోప్‌తో నడుస్తోంది. ఒక్క ఫొటోలో 47 చదరపు డిగ్రీల ఆకాశం పడుతుంది. అంటే రెండు వందలకు పైగా నిండు చంద్రులు పట్టేంత మేర. లోతు మాత్రం సుమారు 20.5 మాగ్నిట్యూడ్ దాకానే (ఇది ప్రకాశం కొలత, అంకె పెరిగేకొద్దీ వస్తువు మసకగా ఉన్నట్టు). చిలీలోని సెర్రో పచోన్ మీదున్న రూబిన్‌ది 8.4 మీటర్ల అద్దం, 3200 మెగాపిక్సెల్ కెమెరా. తొలి చిత్రాలు 2025 జూన్‌లో విడుదలయ్యాయి. ఒక చోటును ఒక్కసారి చూడటంలోనే దాదాపు 24.5 దాకా చూస్తుంది. నాలుగు మాగ్నిట్యూడ్ల తేడా అంటే 40 రెట్లు మసకగా ఉన్నవి కూడా దొరుకుతాయన్నమాట.

చిక్కు అక్కడే మొదలవుతుంది. 24వ మాగ్నిట్యూడ్ సూపర్నోవాకు మంచి స్పెక్ట్రం కావాలంటే ఎనిమిది, పది మీటర్ల టెలిస్కోపుల మీద చాలాసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. ఆ టైమ్ కోసం ప్రపంచమంతా పోటీ పడుతుంది. రూబిన్ రాత్రికి కోటి వరకు అలర్ట్‌లు (ఆకాశంలో ఏదో మారిందన్న సందేశాలు) పంపగలిగేలా కట్టిన వ్యవస్థ. అందులో సూపర్నోవాలు ఎన్నున్నా, స్పెక్ట్రం దక్కేది చాలా కొద్దివాటికే. జ్వికీ దగ్గర పరిస్థితి వేరు. అదే కొండ మీదున్న 60 అంగుళాల టెలిస్కోప్‌కు, సూపర్నోవా ఏ రకమో తేల్చడానికే తయారుచేసిన చిన్న స్పెక్ట్రోగ్రాఫ్ ఉంది. 18.5 మాగ్నిట్యూడ్ కన్నా ప్రకాశవంతమైన ప్రతిదాన్నీ వర్గీకరించాలన్నది అక్కడి బ్రైట్ ట్రాన్సియెంట్ సర్వే లక్ష్యం. నిన్న రాత్రి కనిపించింది టైప్ 1ఏనా (శ్వేత మరుగుజ్జు నక్షత్రం పేలుడు), టైప్ 2నా (భారీ నక్షత్రం పేలుడు) అన్నది త్వరలోనే తెలిసిపోతుంది.

2023 మే 19న జపాన్ అమెచ్యూర్ ఖగోళ పరిశీలకుడు కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్ అనే సూపర్నోవాను కనిపెట్టారు. ఒక రోజు తిరగకుండానే స్పెక్ట్రాలు తీశారు. పేలకముందు నక్షత్రం వదిలిన దట్టమైన వాయువు తాలూకు సన్నటి రేఖలు వాటిలో కనిపించాయి. కొద్ది రోజుల్లోనే అవి మాయమయ్యాయి. ఆ రేఖలు చేజారితే, నక్షత్రం చివరి రోజుల్లో ఎంత పదార్థాన్ని వదిలిందో చెప్పే ప్రత్యక్ష సాక్ష్యం పోయినట్టే. పేలుడు ఎలా జరుగుతుందన్న ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే, మీ చోటు ప్రకాశవంతమైన సూపర్నోవాల దగ్గరే. అంత దగ్గరివి రూబిన్ కెమెరాలో సాచురేట్ అయిపోతాయి (వెలుగు ఎక్కువై కొలతకు అందవు) కూడా. పైగా జ్వికీ పబ్లిక్ సర్వే ఒకే చోటికి రెండు, మూడు రాత్రులకోసారి రెండు రంగుల ఫిల్టర్లతో తిరిగి వస్తుంది. రూబిన్‌కు ఆరు ఫిల్టర్లున్నాయి. అందువల్ల ఒకే ఫిల్టర్‌లో మళ్లీ అదే చోటు చూడటానికి చాలా రోజులు పట్టవచ్చు. లైట్ కర్వ్ (రోజురోజుకూ ప్రకాశం ఎలా మారిందో చూపే గ్రాఫ్) తొలి రోజులు కావాలనుకునేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

కాస్మాలజీ (విశ్వం మొత్తం ఎలా విస్తరిస్తోందన్న అధ్యయనం) మీద మనసుంటే లెక్క మారుతుంది. డార్క్ ఎనర్జీ సర్వే అనే మరో టెలిస్కోప్ సర్వే తన ఐదేళ్ల డేటాలోని 1635 సూపర్నోవాలను చాలావరకు లైట్ కర్వ్‌లతోనే వర్గీకరించి, వాటి గెలాక్సీల రెడ్‌షిఫ్ట్‌లను (విశ్వ విస్తరణ వల్ల కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందన్న కొలతలను) వాడుకుంది. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. రూబిన్ వెళ్తున్న దారీ అదే, కాకపోతే ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ రోజువారీ పని క్లాసిఫయర్లు (రకం తేల్చే ప్రోగ్రాములు) రాయడం, టైప్ 1ఏల మధ్య దూరిన వేరే రకాలను అంచనా వేయడం, మనం ఏవి మిస్సవుతున్నామో సిమ్యులేషన్లతో తేల్చడం. నాకు ఈ పని మీద చాలా గౌరవం ఉంది. కాకపోతే ఒక్కో సూపర్నోవాతో పరిచయం పెంచుకునే తీరిక అందులో దొరకదు. అలాగని జ్వికీ కాస్మాలజీకి పనికిరాదనుకోవద్దు. దూరపు సూపర్నోవాలను పోల్చడానికి దగ్గరివి కావాలి. జ్వికీ రెండో డేటా విడుదలలోనే 3628 టైప్ 1ఏలున్నాయి.

కాంట్రాక్ట్ సంగతీ చూడాలి. పోస్ట్‌డాక్ సాధారణంగా రెండు, మూడేళ్లే. పెద్ద ప్రాజెక్టుల షెడ్యూల్ వెనక్కి జరగడం మామూలే, మీ కాంట్రాక్ట్ మాత్రం ఆగదు. రూబిన్ అలర్ట్‌లు అందరికీ అందుతాయి కానీ, పూర్తి డేటా విడుదలలు మొదటి రెండేళ్లు డేటా హక్కులున్నవాళ్లకే. ఆ సంస్థకు హక్కులున్నాయో లేదో ముందే కనుక్కోండి. పెద్ద కొలాబరేషన్‌లో పేపర్ బయటికి రావాలంటే లోపలి రివ్యూలు దాటాలి. చిన్న బృందంలో ఫస్ట్ ఆథర్ పేపర్ త్వరగా వస్తుంది. తర్వాతి ఉద్యోగానికి అదే కావాలి.

ఇంకో దారి కూడా ఉంది. ఫింక్, అలెర్సె, లసైర్ లాంటి బ్రోకర్లు (అలర్ట్‌లను వడకట్టి పంచే వ్యవస్థలు) ఏళ్లపాటు జ్వికీ అలర్ట్‌ల మీదే రాటుదేలి రూబిన్‌కు సిద్ధమయ్యాయి. జ్వికీ స్పెక్ట్రాలు చదువుతూ, అలాంటి బ్రోకర్‌లో మీకు కావాల్సిన అలర్ట్‌లు ఏరే సొంత ప్రోగ్రాం నడిపే పోస్ట్ దొరికితే నేను మరో ఆలోచన లేకుండా అదే తీసుకోమంటాను.

ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: ఈ ఏడాది మీ బృందానికి ఏ టెలిస్కోప్ మీద ఎన్ని రాత్రులున్నాయి, వాటిలో నా టార్గెట్లకు ఎన్ని గంటలు ఇస్తారు? అంకెలు చెప్పారంటే అక్కడ స్పెక్ట్రాలు ఉన్నట్టే. "అప్లై చేద్దాం" అన్నారంటే, ఆ ప్రపోజల్స్ రాసే పని మీదేనని లెక్కేసుకుని నిర్ణయించుకోండి.